పెండ్లి పూవులను ఇంటిలోనే పదిలపరచుకొనుట

రచన: ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)

మాఘ, ఫాల్గుణ మాసములు వచ్చినవనిన గోదావరి తీరమున కడియపులంక పూల మార్కెట్టులోను, హైదరాబాదున గుడిమల్కాపూరు మార్కెట్టులోను తెల్లవారక మునుపే బేరములు జోరుగా సాగుచుండును. చామంతి, బంతి, గులాబి, లిల్లీ, కనకాంబరము బుట్టలు బుట్టలుగా పెండ్లిండ్లకు తరలిపోవును. ముహూర్తము వేళ వధూవరుల మెడలలో కళకళలాడిన ఆ పూవులే మరునాటి ఉదయమునకు పందిరి మూలన కుప్పగా పడియుండును. అయినను ప్రతి ఇంటను ఎవరో ఒకరు, తల్లియో, పెండ్లికూతురో, ఒక దండను పారవేయుటకు మనసొప్పక ఎక్కడనో దాచుదురు. ఆరు నెలల పిమ్మట ఆ దండ ఏమైనదని అడిగినచో తరచుగా వచ్చు జవాబు ఒక్కటే: బూజు పట్టినది, పారవేసితిమి.

మా ఇంటను అదే జరిగినది. 2009 మాఘమాసములో మా అక్క పెండ్లి. నేనప్పుడు బాపట్లలో వ్యవసాయ కళాశాలలో చదువుచుంటిని. మా నాన్న లంక భూమిలో అరయెకరము చామంతి వేసియుండిరి. ఆ పూవులే తెల్లవారుజామున కోసి తెచ్చి, నడుమ నడుమ మరువము, దవనము వేసి, అక్క దండ తామే గుచ్చినారు. పెండ్లి అయిన పిమ్మట అమ్మ ఆ దండను పాలిథీన్ సంచిలో వేసి, గాలి చొరకుండ మూతి ముడివేసి, ట్రంకు పెట్టెలో చీరల అడుగున పెట్టినది. శ్రావణమాసములో అక్క పుట్టింటికి వచ్చినప్పుడు పెట్టె తెరిచి చూడగా సంచిలో నల్లని ముద్ద, నీరు మాత్రము మిగిలినవి. కింది చీరకు మరక కూడ పడినది. "ఏరా, వ్యవసాయం చదువుతున్నావు గదా, పువ్వు కుళ్ళకుండా ఉండే మార్గమేదీ మీ పుస్తకాల్లో లేదా?" అని అమ్మ అడిగినది. నేను జవాబు చెప్పలేకపోతిని. మార్గము పుస్తకములలో ఉన్నది. నేను దానిని వరి గింజకు వర్తింపజేసి చదివితినే గాని పూవుకు వర్తింపజేసి చూడలేదు.

పూవు ఎందుకు కుళ్ళును?

ధాన్యమును నిల్వచేయునప్పుడు తేమ తగ్గించవలెనని రైతు సోదరులందరకు తెలియును. పూవు విషయమును అంతే. నూరు గ్రాముల తాజా పూవులలో 80 మొదలు 90 గ్రాముల వరకు నీరే ఉండును. ఈ నీరు ఉన్నంతవరకు రెండు పనులు జరుగును. మొదటిది, రేకు నలిగినచోట లోపలి రసములకు గాలి తగిలి, కోసిన వంకాయ ముక్క నల్లబడినట్లు, రేకు గోధుమరంగుకు మారును. రెండవది, గాలిలో ఎల్లప్పుడును ఉండు బూజు విత్తనములు ఆ తడిపై మొలచును. మా అమ్మ సంచి మూతి బిగించుటచే పూవులోని నీరు బయటకు పోవు దారి మూసుకొనిపోయినది. ప్రేమతో చేసిన ఆ జాగ్రత్తయే దండను చెరచినది.

కావున చేయవలసిన పని ఒక్కటే. రేకు ఆకారము చెడకముందే, బూజు పట్టకముందే నీటిని తీసివేయవలెను. ఇందులో త్వరపాటు ముఖ్యము. మూడవ నాడు వాడిన దండను తెచ్చి "దీనిని నిలపండి" అని మా కార్యాలయమునకు వచ్చినవారు కలరు. వాడిన రేకును ఏ పద్ధతియు మరల నిలువబెట్టజాలదు. పెండ్లినాటి రాత్రియే పని మొదలుపెట్టవలెను.

దీనికి ఒక చిన్న ఉపాయము గలదు. దండలు తాజాగా కనబడుటకు పూలవారు వాటిపై నీరు చల్లుచుందురు. ఆ తడి మనకు శత్రువు. అందుచేత దండకు వాడిన బుట్టలోనుండియే పది పూవులను తొడిమలతో, నీరు చల్లకుండ విడిగా ఉంచుమని ముందే చెప్పుకొనవలెను. మెడలో వేసిన దండలోని పూవే కావలెననిన, దండ తీసిన వెంటనే దారము కత్తిరించి, కుంకుమ, అక్షతలు మెత్తని కుంచెతో దులిపి, పలుచని నూలుగుడ్డపై ఫ్యాను క్రింద గంటసేపు ఆరబెట్టవలెను. ఆ రాత్రి తీరిక లేనిచో పొడిగుడ్డలో వదులుగా చుట్టి ఫ్రిజ్ అడుగు అరలో ఉంచి, మరునాడు తప్పక పని చేయవలెను.

ఏ పూవు నిలుచును?

అన్ని పూవులు ఒకే తీరుగా నిలువవు. ఈ సంగతి ముందు తెలిసికొనినచో నిరాశ తగ్గును.

పసుపు, నారింజ రంగుల చామంతి, బంతి పూవులు రంగును బాగుగా నిలుపుకొనును. కెరోటినాయిడులను వర్ణకములు వీనిలో ఉండుటయే అందుకు కారణము. అవి ఎండినను త్వరగా మారవు. బంతిలో ఒక చిక్కు గలదు. పూవు అడుగున తొడిమ నంటియున్న మందపు భాగములో తేమ దాగియుండును. పైన రేకులు గలగలలాడుచున్నను అడుగు మెత్తగా ఉన్నచో ఆ పూవు తరువాత కుళ్ళును. పెద్ద బంతుల కంటె చిన్నవానిని ఏరుకొనుట మేలు.

ఎర్ర గులాబి ఎండినపుడు నల్లెరుపు రంగునకు వచ్చును. కొందరకు అది నచ్చును. ముదురు గులాబిరంగు పూవులు కొంత ఊదాచాయకు తిరుగును. పూర్తిగా విచ్చినదానిని గాక సగము విచ్చిన గులాబిని తీసికొనవలెను. విచ్చిన పూవు రేకులు ఎండినపుడు రాలిపోవును. లిల్లీ, అనగా నేల సంపెంగ, కండగల పూవు. దాని తెలుపు నిలుచుట కష్టము. నేను నాలుగు మారులు ప్రయత్నించి విడిచిపెట్టితిని.

అన్నిటికంటె సులభముగా నిలుచునది బొగడబంతి. దాని రేకులవలె కనబడునవి పుట్టుకతోనే కాగితమువలె పొడిగా ఉండును. గుత్తిగా కట్టి నీడలో తలక్రిందులుగా వ్రేలాడదీసిన చాలును. రంగు సంవత్సరముల తరబడి నిలుచును. కోడిజుట్టు పూవును అట్లే నిలుచును. పెండ్లి దండలో గుర్తుగా ఉంచుకొనవలెనను కోరిక ముందే ఉన్నచో, నడుమ నాలుగు బొగడబంతులను గుచ్చించుకొనుట తెలివైన పని. ఈ మొక్క పెరటిలోను, చేని గట్టుపైనను తక్కువ శ్రద్ధతో పెరుగును.

ఇసుక పద్ధతి

ఖర్చు లేనిది ఇదియే. పూవును పొడి ఇసుకలో పాతిపెట్టినచో ఇసుక రేకులను నాలుగు వైపుల నుండి పట్టియుంచి ముడుచుకొననీయదు. నీరు రేణువుల సందులగుండ మెల్లగా గాలిలో కలియును.

రెండు మూడు కిలోల సన్నని ఏటి ఇసుకను తెచ్చి పిండి జల్లెడలో జల్లించి, నీరు తేటగా వచ్చువరకు ఐదారు మారులు కడుగవలెను. మట్టి మిగిలినచో రేకులకు అంటుకొని ఎన్నటికి వదలదు. పిమ్మట ఎండలో ఆరబెట్టి, ఇనుప మూకుడులో వేయించి, పూర్తిగా చల్లార్చవలెను. సముద్రపు ఇసుకను వాడరాదు. దానిలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొనును.

డబ్బాలోగాని అట్టపెట్టెలోగాని అడుగున రెండంగుళముల ఇసుక పోసి, తొడిమను ఒక అంగుళము ఉంచి కత్తిరించి, పూవును నిలువుగా గుచ్చవలెను. కాగితమును గరాటువలె చుట్టి, దాని కొననుండి ఇసుకను పూవు చుట్టును, తరువాత రేకుల నడుమను సన్నని ధారగా వదలవలెను. పైనుండి ఒక్కసారిగా గుమ్మరించినచో రేకులు అణగిపోవును. ఈ పని పిల్లలకు అప్పగింపరాదు. వృద్ధులకు అప్పగించిన నెమ్మదిగా, చక్కగా చేయుదురు. పూవు మునిగిన పిమ్మట పైన ఇంకొక అంగుళము పోసి, మూత పెట్టక, గాలి ఆడు పొడి చోటున ఉంచవలెను. పూవును బట్టి రెండు మొదలు మూడు వారములు పట్టును.

ఈ పద్ధతితో నేను తిన్న దెబ్బను చెప్పుట అవసరము. 2016 మాఘమాసములో నా పెండ్లి జరిగినది. అప్పటికి నాన్నకు మోకాళ్ళ నొప్పులు ముదిరి చామంతి సాగు పది సెంట్లకు తగ్గించినారు. అయినను నా దండ, నా భార్య దండ తామే గుచ్చినారు. ఈసారి ఎట్లయినను నిలుపవలెనని ఆరు చామంతులను ఏటి ఇసుకలో పాతితిని. ఇసుక చేతికి పొడిగానే తగిలినది గనుక వేయించలేదు. "పూసినన్నాళ్ళే రా పువ్వు బతుకు. దాన్ని పాతిపెట్టి ఏం చూసుకుంటావు?" అని నాన్న నవ్వినారు. ఇరువది దినముల తరువాత తీయగా నాలుగు పూవుల అడుగుభాగము నల్లబడి బూజు పట్టియున్నది. గోదావరి గాలిలో తేమ ఎక్కువ. చేతికి పొడిగా తగిలిన ఇసుకలో కూడ తేమ దాగియుండును. తరువాత నాకు అనంతపురము జిల్లాకు బదిలీ అయినది. అక్కడి పొడిగాలిలో వేయించిన ఇసుకలో పెట్టిన చామంతి పదునైదు దినములకే చక్కగా ఎండినది. కావున రాయలసీమలోను, తెలంగాణ మెట్టప్రాంతములలోను మాఘము మొదలు వైశాఖము వరకు ఇసుక చాలును. కోస్తాలోను, ఎక్కడనైనను శ్రావణమాసపు పెండ్లిండ్లకును దీనిని నమ్ముకొనరాదు.

సిలికా జెల్

తేమగల చోట్ల సిలికా జెల్ వాడవలెను. కొత్త చెప్పులు, సీసాల డబ్బాలలో చిన్న పొట్లములుగా వచ్చునది ఇదియే. ప్రయోగశాల సామగ్రి అమ్ము దుకాణములలో కిలోలెక్కన దొరకును. ఇది తన బరువులో మూడవ వంతు వరకు నీటిని పీల్చగలదు. పెద్ద గుండ్లు రేకులపై గుంటలు వేయును గనుక సన్నని పలుకులనే అడుగవలెను. తేమ పీల్చినప్పుడు రంగు మారు రకము వాడుకకు అనువైనది. అందులో నీలిరంగుది కోబాల్టు లవణముతో చేసినది, ఆరోగ్యమునకు హానికరము. నారింజరంగు రకమును కొనుట మంచిది. పోయునప్పుడు ధూళి ముక్కులోనికి పోకుండ గుడ్డ కట్టుకొని, పిల్లలకు అందకుండ ఉంచవలెను.

పాతిపెట్టు విధానము ఇసుకకు చెప్పినదే. కాని ఇక్కడ మూత బిగుతుగా పెట్టవలెను. లేనిచో పూవులోని నీటికి బదులు గదిలోని తేమను పీల్చును. చామంతికి ఐదారు దినములు, గులాబికి వారము, బంతికి పది దినముల వరకు పట్టును. ఎక్కువ కాలము ఉంచినచో రేకులు అప్పడమువలె పెళుసై విరుగును గనుక ఐదవ దినమున ఒకదానిని తీసి చూడవలెను. రేకు గాక పూవు అడుగు భాగమును వ్రేళ్ళతో నొక్కి చూడవలెను. అది గట్టిగా, పొడిగా ఉన్నచో పని అయినట్లు. డబ్బాను మెల్లగా ఒరగించి పలుకులు జారిపోనిచ్చి, పూవును క్రిందినుండి అరచేత పట్టి తీయవలెను. చామంతి రేకులు ఊడునట్లున్నచో పూవు వెనుక ఒక చుక్క పలుచని జిగురు వేసి ఆరనీయవలెను.

వాడిన సిలికా జెల్‌ను పారవేయ నక్కరలేదు. 120 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద రెండు గంటలు ఉంచినను, వంటకు వాడని మూకుడులో సన్నని సెగపై కలియబెట్టినను మొదటి రంగు తిరిగి వచ్చును. ఒక ఊరిలో ఒక స్వయంసహాయక సంఘమువారు రెండు కిలోలు కొని ఉంచుకొనినచో అన్ని ఇండ్ల పెండ్లిండ్లకు వాడుకొనవచ్చును.

నా ఆరు చామంతులలో మిగిలిన రెంటిని ఈ విధముగానే కాపాడితిని. ఇసుకలోనుండి తీసినపుడు అవి ఇంకను పూర్తిగా ఎండలేదు. ఒక మిత్రుని వద్ద అరకిలో సిలికా జెల్ తెచ్చి నాలుగు దినములు ఉంచగా నిలిచినవి.

కాగితముల నడుమ

పలుచని పూవులకు, అనగా కనకాంబరము, విడి గులాబి రేకులు, మరువము రెమ్మలకు, ఇంత శ్రమ అక్కరలేదు. పాత వార్తాపత్రికల నడుమ పరచి పైన బరువు ఉంచవలెను. మొదటి నాలుగు దినములు ప్రతిదినము కాగితములు మార్చవలెను. ఈ ఒక్క పని బద్ధకించినందుననే చాలమంది పూవులు నల్లబడును. రెండు వారములలో సిద్ధమగును. ఆకారము చదునగును గాని శుభలేఖపైననో, పెండ్లి ఫొటో ప్రక్కననో అతికించి అద్దము బిగించుటకు ఇదియే అనువైనది. ఇది ఎంత గట్టి పద్ధతియో తెలియుటకు ఒక నిదర్శనము: 18వ శతాబ్దములో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో కోరమండల తీరపు మొక్కలను కాగితముల నడుమ ఎండబెట్టినాడు. వానిలో కొన్ని నేటికిని బ్రిటన్‌లోని వృక్షసంగ్రహములలో భద్రముగా ఉన్నవి.

మల్లెపూవు సంగతి

అందరును మొదట అడుగునది మల్లెపూవే. నిజము చెప్పవలెననిన మల్లె నిలువదు. సిలికా జెల్‌లో ఎండబెట్టినను మీగడరంగునకు వచ్చును, కొద్ది నెలలకు గోధుమరంగగును. దాని పరిమళము సజీవమైన పూవు కోసిన తరువాత కూడ రాత్రియంతయు తయారు చేయుచుండునది. పూవు వాడిన వెంటనే ఆ తయారీ ఆగిపోవును. అందుచేతనే ఉత్తరప్రదేశ్‌లో మల్లె జాతి పూవులను నువ్వుల నడుమ పొరలుపొరలుగా పరచి, వాడిన పూవులను తీసి కొత్తవి వేయుచు, పరిమళము పట్టిన నువ్వులను గానుగ ఆడించెడు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. కావున పూలజడను మొత్తముగా నిలుపుటకు శ్రమపడవద్దు. ఫొటో తీసికొని, దానిలోని కనకాంబరములను మాత్రము కాగితముల నడుమ ఉంచుకొనుడు.

పరిమళము కావలెననిన దవనమును దాచవలెను. దీని సువాసన ఆకులలోను, పూగుత్తులలోను ఉండు తైలమునకు సంబంధించినది. నీడలో ఎండిన పిమ్మటను అది చాల కాలము ఉండును. దండలోని రెమ్మలను ఏరి, నీడలో వారము దినములు ఆరనిచ్చి, పలుచని గుడ్డ సంచిలో కట్టి చీరల నడుమ ఉంచవచ్చును. మన పెద్దలు మొగలిరేకులను బట్టల పెట్టెలో ఉంచుట ఎరిగినదే గదా.

భద్రపరచుట

ఎండిన పూవుకు మూడు శత్రువులు: తేమ, వెలుతురు, పురుగు. లోతుగల అద్దపు చట్రములోగాని, మూత బిగుతైన గాజు సీసాలోగాని పూవును అమర్చి, అడుగున కనబడకుండ సిలికా జెల్ పొట్లము ఒకటి ఉంచవలెను. ఎండ తగులు గోడకు వ్రేలాడదీయరాదు. పసుపు చామంతి కూడ ఎండలో వెలిసిపోవును. నిల్వ పొగాకును, సుగంధద్రవ్యములను తొలుచు చిన్న గోధుమరంగు పెంకు పురుగు ఎండు పూవులను కూడ తినును. చట్రములో సన్నని పొడి రాలుచున్నచో పురుగు చేరినదని తెలిసికొనవలెను. అప్పుడు పూవును గాలి చొరని సంచిలో పెట్టి ఫ్రిజ్ పై అరలో, అనగా మంచుగడ్డలు కట్టు అరలో, వారము పది దినములు ఉంచినచో పురుగు చచ్చును. బయటకు తీసిన పిమ్మట సంచి గది వేడికి వచ్చువరకు విప్పరాదు. లేనిచో పూవుపై చెమ్మ పట్టును. పురుగుమందులు చల్లు ఆలోచన ఎంతమాత్రము వలదు.

వాడిన పూవును ఇంట ఉంచరాదని కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పుదురు. వారి మాట త్రోసివేయ నక్కరలేదు. ఒకటి రెండు పూవులను మాత్రము గుర్తుగా తీసికొని, మిగిలిన దండను దారము, జరీ, ప్లాస్టిక్ తీసివేసి కంపోస్టు గుంటలో వేసినచో కొబ్బరిచెట్టు మొదటికి ఎరువగును. కాలువలో పారవేయుట కంటె ఇది మేలు.

ఎండు పూవులు కొనువారును కలరు. మన దేశమునుండి ఇవి విదేశములకు ఎగుమతి అగుచున్నవి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థవారు పూవులను ఎండబెట్టి వస్తువులు చేయుటలో గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చియున్నారు. ధర పడిపోయిన దినమున చామంతిని మార్కెట్టు ముంగిట పారబోయుట చూచినప్పుడెల్ల నాకు ఆ సంగతి జ్ఞప్తికి వచ్చును. దానిని గూర్చి వేరొక వ్యాసమే వ్రాయవలెను.

నాన్న 2019లో కాలము చేసినారు. చామంతి వేసిన పది సెంట్లలో ఇప్పుడు అరటి ఉన్నది. ఆయన గుచ్చిన దండలోని రెండు చామంతులు అమ్మ గదిలో, కిటికీకి దూరముగా, అద్దపు చట్రములో ఉన్నవి. పసుపు కొంత తగ్గినది గాని రేకు ఊడలేదు. కిందటి శ్రావణములో అమ్మ ఫోను చేసి, "ఒరే, అడుగున పెట్టిన గుళికలు రంగు మారాయి, పువ్వుకేమైనా అవుతుందా?" అని అడిగినది. పొట్లము విప్పి సన్నని సెగపై వేయించి, చల్లారిన తరువాత మరల పెట్టమని చెప్పితిని. సాయంత్రమునకు పెట్టినది.